3.2 వోల్టుల ఒక్క సెల్ నుంచి 12 వోల్టులు, 6 ఆంప్స్: 4 ఆంప్స్ దాటగానే బూస్ట్ కన్వర్టర్ చచ్చిపోతోంది

కొత్తకాయిల్ రాశారు:

అందరికీ నమస్కారం. నా దగ్గర 3.2 వోల్టులు, 100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్ ఒకటి ఉంది. ఒక్కటే ఉంది. దాన్నుంచి 12 వోల్టులు, 6 ఆంప్స్ తీయాలని బూస్ట్ కన్వర్టర్ (తక్కువ వోల్టేజ్‌ని ఎక్కువ చేసే సర్క్యూట్) కట్టాను. కంట్రోలర్‌గా యూసీ3843 చిప్, స్విచ్‌గా ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ (ఫెట్), ఔట్‌పుట్ వైపు షాట్కీ డయోడ్. కాయిల్ పాత కంప్యూటర్ పవర్ సప్లయ్ లోంచి తీసిన పసుపు-తెలుపు రింగు మీద 8 చుట్లు, సుమారు 6 మైక్రోహెన్రీలు. ఫ్రీక్వెన్సీ 100 కిలోహెర్ట్జ్.

ఆ చిప్ 8.4 వోల్టులు అందితే గానీ లేవదు కదా, అందుకని దాని సప్లయ్ 12 వోల్టుల ఔట్‌పుట్ నుంచే ఇచ్చాను. మొదట లేపడానికి ఒక 9 వోల్టుల బ్యాటరీ తాకిస్తాను. నవ్వకండి, పనిచేస్తోంది.

సమస్య ఏంటంటే, 3 ఆంప్స్ వరకూ 12 వోల్టులు స్థిరంగా ఉంటాయి. 4 దగ్గర ఫెట్ బాగా వేడెక్కుతుంది. అది దాటిస్తే వోల్టేజ్ 11, 10, 9 అని జారి ఠక్కున ఆగిపోతుంది. మళ్లీ 9 వోల్టుల బ్యాటరీ తాకించాల్సిందే. సెల్ మాత్రం 100 ఆంప్స్ అయినా అలవోకగా ఇస్తుంది. మరి ఎక్కడ తేడా కొడుతోంది?

సోల్డర్‌పొగ రాశారు:

ఫెట్ మార్చు బ్రో. అది లాజిక్ లెవెల్ (గేట్ అనే కంట్రోల్ కాలికి 5 వోల్టులిచ్చినా పూర్తిగా ఆన్ అయ్యే రకం) కాదు. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ పెట్టు, అయిపోతుంది.

మిల్లీఓమ్‌మామ రాశారు:

పొగ తమ్ముడూ, ఆయన గేట్‌కి 12 వోల్టులు అందుతున్నాయి, చదివావా? అక్కడ లాజిక్ లెవెల్ ఫెట్‌తో ఒరిగేదేం లేదు. నిజానికి 10 వోల్టుల దగ్గర ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ 17.5 మిల్లీఓమ్‌లు, నువ్వు చెప్పింది 22. పెరుగుతుంది కానీ తగ్గదు.

కొత్తకాయిల్ గారూ, సెల్ నుంచి బోర్డు దాకా మధ్యలో ఏమేం ఉన్నాయి? వైరు ఎంత పొడవు, ఎంత లావు, ఫ్యూజు, స్విచ్చు, కనెక్టర్లు... అన్నీ చెప్పండి. "మామూలు వైరే" అని మాత్రం అనొద్దు.

నాలుగుసెల్లులు రాశారు:

అసలు ఈ తిప్పలెందుకండీ? 25 ఆంపియర్-అవర్ల సెల్లులు నాలుగు సిరీస్‌లో పెడితే నేరుగా 12.8 వోల్టులు. అంతే ఎనర్జీ, కన్వర్టరే అక్కర్లేదు.

కొత్తకాయిల్ రాశారు:

@నాలుగుసెల్లులు గారూ, నిజమే. కానీ ఉన్నది ఈ ఒక్క సెల్లే. పైగా ఇది ఎందుకు పనిచేయడం లేదో తెలియకుండా వదిలేస్తే నిద్ర పట్టదు.

@మిల్లీఓమ్‌మామ గారూ, మామూలు వైరే... సారీ. 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, రానూపోనూ కలిపి 80 సెంటీమీటర్లు. మధ్యలో ఒక టాగుల్ స్విచ్, బ్లేడ్ ఫ్యూజ్ హోల్డర్. బోర్డు దగ్గర క్రొకడైల్ క్లిప్పులు.

మిల్లీఓమ్‌మామ రాశారు:

క్రొకడైల్ క్లిప్పులు! మొసలి మీ వాట్లన్నీ మింగేస్తోంది.

ఓ పని చేయండి. డీసీ క్లాంప్ మీటర్ ఉందిగా? ఇన్‌పుట్ కరెంటు సరిగ్గా 10 ఆంప్స్ అయ్యేలా లోడ్ సర్దండి. తర్వాత మల్టీమీటర్‌ని మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి ఒక్కో ముక్కకీ అటూ ఇటూ ఎంత పడుతోందో కొలవండి. సెల్ బోల్టు నుంచి లగ్గు వరకు, వైరు ఈ చివర నుంచి ఆ చివరకు, స్విచ్‌కి అటూ ఇటూ, అలాగే మిగతావన్నీ. మిల్లీవోల్టుల్ని 10తో భాగిస్తే అవే మిల్లీఓమ్‌లు. మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి మాత్రం కొలవొద్దు. ఈ స్థాయిలో అది చూపించేది దాని ప్రోబ్ వైర్ల రెసిస్టెన్స్‌నే.

కొత్తకాయిల్ రాశారు:

కొలిచాను. సెల్, దాని బోల్టులు కలిపి 20 మిల్లీవోల్టులు. వైర్లు రెండూ 90. స్విచ్ 70 (కొత్తదే!). ఫ్యూజ్, హోల్డర్ కలిపి 60. క్లిప్పులు రెండూ 60. మొత్తం 300. అంటే 30 మిల్లీఓమ్‌లు. అంతేగా? ఓమ్‌లో వందో వంతులు మూడు. ఇది అంత పెద్ద విషయమా?

మిల్లీఓమ్‌మామ రాశారు:

ఇప్పుడు లెక్క చూడండి. దీనికి కాయిల్ తీగ ఓ 5 మిల్లీఓమ్‌లు కలపండి. ఫెట్ 17.5, కానీ ప్రతి సైకిల్‌లో 80 శాతానికి పైగా సమయం అదే ఆన్‌లో ఉంటుంది కాబట్టి దానివి సుమారు 15. అన్నీ కలిపితే 50 మిల్లీఓమ్‌లు.

ఏ సోర్స్ అయినా దాని దారిలో ఉన్న రెసిస్టెన్స్‌ని దాటించి ఇవ్వగల గరిష్ఠ పవర్ ఎంతంటే, వోల్టేజ్ వర్గాన్ని రెసిస్టెన్స్‌కి నాలుగు రెట్లతో భాగించాలి. 3.2 వర్గం 10.24. నాలుగు రెట్లు 50 మిల్లీఓమ్‌లు అంటే 0.2. భాగిస్తే 51 వాట్లు. అంతకు మించి ఒక్క వాట్ కూడా రాదు, కంట్రోలర్ ఎంత మంచిదైనా సరే. ఆ 51 వాట్లూ డయోడ్ ద్వారా పోవాలి. 12 వోల్టులు, దానిపైన డయోడ్ అరవోల్టు, మొత్తం 12.5. 51ని 12.5తో భాగిస్తే?

4.1 ఆంప్స్.

మీ కన్వర్టర్ ఎక్కడ చస్తోందన్నారు?

కొత్తకాయిల్ రాశారు:

...

మామా, రెండు నిమిషాలు నోట మాట రాలేదు. నేను వారం రోజులుగా చిప్పులు మారుస్తూ కూర్చున్నాను.

ఒక డౌట్. పవర్ సరిపోకపోతే 12 కాస్తా 11.5 అయి అక్కడే ఆగాలి కదా? ఇలా పూర్తిగా కూలిపోవడం ఏంటి?

లెక్కలపిచ్చి రాశారు:

ఇది నాకిష్టమైన భాగం, నేను చెప్తాను.

బూస్ట్ కన్వర్టర్‌కి డ్యూటీ (ప్రతి సైకిల్‌లో ఫెట్ ఆన్‌లో ఉండే భాగం) పెంచితే ఔట్‌పుట్ పెరుగుతుందని చదువుకుంటాం. నష్టాల్లేని కన్వర్టర్‌కే అది నిజం. నిజమైన కన్వర్టర్‌లో డ్యూటీకీ ఔట్‌పుట్‌కీ మధ్య గీసిన గీత ఒక కొండలా ఉంటుంది. కొంత దూరం ఎక్కుతుంది, శిఖరం వస్తుంది, ఆ తర్వాత దిగుతుంది. కారణం తేలికే. డ్యూటీ పెంచేకొద్దీ కాయిల్ కరెంటు పెరుగుతుంది, ఆ కరెంటంతా దారిలోని మిల్లీఓమ్‌లలో వేడి అవుతుంది, ఔట్‌పుట్‌కి కరెంటు అందే సమయమేమో తగ్గుతుంది.

శిఖరం ఎక్కడుంటుందంటే, ఫెట్ ఆఫ్‌లో ఉండే భాగం (అంటే 1 మైనస్ డ్యూటీ), దారి రెసిస్టెన్స్‌ని లోడ్ రెసిస్టెన్స్‌తో భాగించి తీసిన వర్గమూలానికి సమానమైన చోట. మీరు కోరుకున్న లోడ్ 12 వోల్టులు, 6 ఆంప్స్, అంటే 2 ఓమ్‌లు. 0.05 బై 2, దాని వర్గమూలం 0.158. కాబట్టి 84 శాతం డ్యూటీ దగ్గర శిఖరం. అక్కడ వోల్టేజ్ ఎన్ని రెట్లు పెరుగుతుంది? దాదాపు 3.2 రెట్లు. 3.2 వోల్టులు పది వోల్టుల చిల్లర అవుతాయి. మీ 6 ఆంప్స్ లోడ్‌కి 12 అనేది ఆ కొండ మీద లేనే లేదు.

ఇక కూలడం సంగతి. ఔట్‌పుట్ తగ్గింది అనగానే చిప్ డ్యూటీ పెంచుతుంది. శిఖరానికి ఇవతల ఉంటే అది సరైన పని. అవతల ఉంటే డ్యూటీ పెంచడం వల్ల ఔట్‌పుట్ ఇంకా తగ్గుతుంది, అది చూసి చిప్ ఇంకా పెంచుతుంది. గుంటలో పడ్డవాడు బయటికి రావాలని ఇంకా తవ్వుకున్నట్టు. చివరికి డ్యూటీ పై హద్దుకి అతుక్కుపోతుంది. మీ విషయంలో ఇంకొకటి తోడైంది. చిప్ సప్లయ్ ఔట్‌పుట్ నుంచే కాబట్టి, అది 7.6కి దిగగానే యూసీ3843 నిద్రపోతుంది. అందుకే ఆ "ఠక్కున".

అందుకని డ్యూటీకి పై హద్దు పెట్టడం, ఇన్‌పుట్ వోల్టేజ్ ఒక గీత కిందికి దిగితే కన్వర్టర్‌ని ఆపేయడం, రెండూ తప్పనిసరి. 4 ఆంప్స్ దగ్గర ఫెట్‌లో మీరు చూసిన వేడి శిఖరం దగ్గరికి వచ్చేశారనడానికి గుర్తు.

సోల్డర్‌పొగ రాశారు:

సరే, ఫెట్ విషయంలో ఓడిపోయాను. ఇంకో ఐడియా: ఎంటీ3608 చిప్ ఉన్న చిన్న రెడీమేడ్ బూస్ట్ మాడ్యూల్స్ పదో పదిహేనో పారలల్‌లో పెడితే?

మిల్లీఓమ్‌మామ రాశారు:

ఆ చిప్‌లో స్విచ్ కరెంటు హద్దు 4 ఆంప్స్. 3 వోల్టుల నుంచి 12 చేస్తే ఒక్కోదాన్నుంచి అర ఆంపు దాకా వస్తే గొప్ప. పైగా అవి లోడ్‌ని సమానంగా పంచుకోవు. ఎవరి ఔట్‌పుట్ పది మిల్లీవోల్టులు ఎక్కువుంటే వాళ్లే మొత్తం మోస్తారు, కాలిపోతారు, తర్వాతి వాడి వంతు. ఎంటీ3608ని పక్కన పెట్టుకో తమ్ముడూ, దానికి వేరే పని ఉంది.

ఫెరైట్‌రాణి రాశారు:

కాయిల్ గురించి ఎవరూ మాట్లాడటం లేదేంటి? ఆ పసుపు-తెలుపు రింగు ఐరన్ పౌడర్, 26 రకం. రిపుల్ (ప్రతి సైకిల్‌లో కరెంటు పెరిగి తగ్గే మేర) తక్కువగా ఉండే చోట్ల బాగానే ఉంటుంది. 100 కిలోహెర్ట్జ్ దగ్గర పెద్ద రిపుల్ వేస్తే కోర్ లోపలే కాగుతుంది. అదీగాక 8 చుట్లలో 30 ఆంప్స్ వెళ్లేటప్పుడు ఆ 6 మైక్రోహెన్రీలు సగం వరకూ పడిపోవచ్చు. ఎల్‌సీఆర్ మీటర్ మీద కనిపించిన విలువ కరెంటు లేనప్పటిది.

ఇంకో మాట. నాలుగు రెట్లకు పైగా పెంచాలంటే నేనైతే బూస్ట్ వాడను. పుష్-పుల్ (రెండు ఫెట్లు వంతులవారీగా నడిపే) ట్రాన్స్‌ఫార్మర్ పెడతాను. డ్యూటీ హాయిగా ఉంటుంది, ఔట్‌పుట్ కెపాసిటర్ల మీద బరువు తగ్గుతుంది.

మిల్లీఓమ్‌మామ రాశారు:

రాణి గారు కాయిల్ గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టు. పుష్-పుల్ దగ్గరే నాకు పేచీ. 3 వోల్టుల ఇన్‌పుట్‌కి ప్రైమరీ ఒకటో రెండో చుట్లు. ఆ ఒక్క చుట్టు చివర్లు ఫెట్‌కి కలిపే చోట లీకేజ్ ఇండక్టెన్స్ ఎంత వస్తుందో మీకు తెలియంది కాదు. రెండు వైపులా ఫ్లక్స్ సమానంగా లేకపోతే కోర్ ఒక పక్కకి నడుచుకుంటూ పోతుంది. అన్నిటికంటే ముఖ్యంగా ఇన్‌పుట్ కరెంటు ముక్కలు ముక్కలుగా లాగుతుంది. బూస్ట్‌లో కాయిల్ ఇన్‌పుట్ వైపే ఉంటుంది కాబట్టి సెల్ నుంచి లాగే కరెంటు నున్నగా ఉంటుంది. దారి రెసిస్టెన్స్ 10 మిల్లీఓమ్‌ల లోపు ఉంచగలిగితే నాలుగైదు రెట్ల వరకూ నా ఓటు బూస్ట్‌కే. పది రెట్లయితే మీ వైపు వచ్చేస్తాను.

ఫెరైట్‌రాణి రాశారు:

ఒప్పుకోను కానీ, మొదటిసారి కట్టేవాళ్లకి బూస్ట్ తేలిక, అది నిజం. అయితే రెండు ఫేజులు చేయండి, అంటే కాయిల్, ఫెట్లు ఉన్న రెండు జతలు వంతులవారీగా పనిచేసేలా. ఒక్కో దాంట్లో 15 ఆంప్స్. 2.8 వోల్టుల ఇన్‌పుట్, 80 శాతం డ్యూటీ, 150 కిలోహెర్ట్జ్, 5 ఆంప్స్ రిపుల్ అనుకుంటే 3 మైక్రోహెన్రీలు వస్తుంది, 3.3 తీసుకోండి. కాయిల్ కరెంటు శిఖరం 17.5 ఆంప్స్. శాచురేషన్ (కోర్ నిండిపోయి ఇండక్టెన్స్ పడిపోయే కరెంటు) 25 ఆంప్స్‌కి తగ్గకుండా ఉన్నది కొనండి. డీసీ రెసిస్టెన్స్ 3 మిల్లీఓమ్‌లు మించొద్దు.

సొంతంగా చుడతానంటే గ్యాప్ ఉన్న ఫెరైట్, 80 చదరపు మిల్లీమీటర్ల కోర్ అయితే 4 చుట్లు చాలు. 150 కిలోహెర్ట్జ్‌కి కరెంటు రాగి పైపొర 0.17 మిల్లీమీటర్లలోనే పారుతుందని భయపెట్టి సన్న పోగుల లిట్జ్ వైరు వాడమంటారు చాలామంది. ఇక్కడ కరెంటులో ఎక్కువ భాగం డీసీ, అది తీగంతా వాడుకుంటుంది. లావు రాగి పట్టీ వేసుకోండి.

కొత్తకాయిల్ రాశారు:

రాసుకుంటున్నాను. డయోడ్ బదులు కూడా ఫెట్ పెట్టాలా?

మిల్లీఓమ్‌మామ రాశారు:

పెడితే మంచిదే కానీ, బూస్ట్‌లో అందరూ ముందు దాని మీదే పడతారు. డయోడ్‌లో సగటు కరెంటు ఔట్‌పుట్ కరెంటే, అంటే 6 ఆంప్స్. అర వోల్టు చొప్పున 3 వాట్లు. 72 వాట్లలో నాలుగు శాతం. మీ పాత ఫెట్‌లో (డయోడ్ బదులు వచ్చేది పై ఫెట్, ఇది కింది ఫెట్) 30 ఆంప్స్‌కి పోయేది 12 వాట్ల పైమాటే. ఏది ముందు సరిచేయాలో మీరే చెప్పండి.

చిప్ మార్చండి. యూసీ3843 కరెంటు సెన్స్ పిన్‌కి ఒక వోల్టు కావాలి. 30 ఆంప్స్‌కి ఒక వోల్టు పడే షంట్ (కరెంటు కొలిచే చిన్న రెసిస్టర్) పెడితే, ఫెట్ ఆన్‌లో ఉండే 80 శాతం లెక్కన 24 వాట్లు షంట్‌కే. మీరేం చేశారో ఊహిస్తున్నాను, ఆ పిన్‌ని గ్రౌండ్ చేశారు కదూ?

కొత్తకాయిల్ రాశారు:

ఆసిలేటర్ రాంప్ ఇచ్చాను... కరెంటు లిమిట్ లేదు. అవును.

మిల్లీఓమ్‌మామ రాశారు:

అనుకున్నాను. ఎల్‌టీసీ3787 చూడండి. రెండు ఫేజుల సింక్రనస్ (డయోడ్ బదులు ఫెట్ నడిపే) బూస్ట్ కంట్రోలర్, కరెంటు సెన్స్ 75 మిల్లీవోల్టులకి పెట్టుకోవచ్చు. ఒక్కో ఫేజుకి 3 మిల్లీఓమ్‌ల షంట్ పెడితే 25 ఆంప్స్ దగ్గర ఆగుతుంది. చిక్కేంటంటే, మొదలవడానికి దానికి 4.5 వోల్టులు కావాలి. మొదలయ్యాక పవర్ ఇన్‌పుట్ 2.5 వరకూ దిగినా నడుస్తుంది. పొగ తమ్ముడి ఎంటీ3608 ఇక్కడ పనికొస్తుంది. సెల్ నుంచి 8 వోల్టులు చేసి కంట్రోలర్ బయాస్‌కి (చిప్ సొంత సప్లయ్‌కి) ఇవ్వండి. నాలుగు ఫెట్ల గేట్ చార్జ్ తలా 40 నానోకూలుంబులు అనుకున్నా 150 కిలోహెర్ట్జ్‌కి 24 మిల్లీఆంప్స్. చిన్న మాడ్యూల్‌కి అది లెక్కే కాదు. 9 వోల్టుల బ్యాటరీకి రిటైర్మెంట్.

ఆ చిప్ గేట్‌కి ఇచ్చేది 5.4 వోల్టులే. కాబట్టి 4.5 వోల్టుల దగ్గర రెసిస్టెన్స్ రాసి ఉన్న ఫెట్లే ఎంచుకోండి. డేటాషీట్‌లో థ్రెషోల్డ్ 1.5 వోల్టులు అని చూసి 3 వోల్టులకి పూర్తిగా ఆన్ అవుతుందనుకునేవాళ్లు వారానికొకరు ఇక్కడికొస్తారు. థ్రెషోల్డ్ అంటే ఏ 250 మైక్రోఆంప్స్ పారే వోల్టేజో. తలుపు సందులోంచి గాలి రావడం లాంటిది అది.

స్కోప్‌ప్రోబ్ రాశారు:

ఆలస్యంగా వచ్చాను. ఔట్‌పుట్ కెపాసిటర్ల గురించి ఒక హెచ్చరిక. ఒక్క ఫేజు అయితే వాటిలో పారే రిపుల్ కరెంటు 12 ఆంప్స్ ఆర్‌ఎంఎస్. రెండు ఫేజులకి 7.3 దాకా తగ్గుతుంది. అదీ తక్కువేం కాదు. ఒక్క 1000 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ పెడితే ఉబ్బుతుంది. సెరామిక్‌లు వరసగా పెట్టండి. 25 వోల్టుల 22 మైక్రోఫారడ్ సెరామిక్ మీద 12 వోల్టులు పడితే సగం కూడా మిగలకపోవచ్చు, అది లెక్కలో ఉంచుకోండి. వాటికి తోడుగా పాలిమర్ కెపాసిటర్లు.

లేఅవుట్‌లో బక్ (వోల్టేజ్ తగ్గించే) కన్వర్టర్ అలవాటు ఉన్నవాళ్లు సెరామిక్‌లన్నీ ఇన్‌పుట్ దగ్గర గుమ్మరిస్తారు. బూస్ట్‌లో కరెంటు తెగి అతుక్కునే చోటు ఔట్‌పుట్ వైపు. కింది ఫెట్, పై ఫెట్, ఔట్‌పుట్ సెరామిక్ — ఈ మూడూ ఒకదాన్నొకటి తాకేంత దగ్గరుండాలి.

కొత్తకాయిల్ రాశారు:

మూడు వారాల తర్వాత.

బోర్డు వచ్చింది, కట్టాను. 3 ఆంప్స్ వరకూ అద్భుతం. ఫెట్లు చల్లగా ఉన్నాయి. 6కి తీసుకెళ్లాను, టప్ మని చప్పుడు. కింది ఫెట్లలో ఒకటి షార్ట్. 25 వోల్టుల ఫెట్లు, ఔట్‌పుట్ 12. రెట్టింపు మార్జిన్ ఉంది కదా?

స్కోప్‌ప్రోబ్ రాశారు:

బోర్డు ఫొటో చూశాను. సెరామిక్‌లు పై ఫెట్ నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి, "తాకేంత దగ్గర" అని రాశాను. ఆ లూపులో 20 నానోహెన్రీల దాకా ఉంటుంది. 3 ఆంప్స్ లోడ్‌కి స్విచ్ నోడ్ (కాయిల్, రెండు ఫెట్లు కలిసే చోటు) మీద స్పైక్ ఎంత?

కొత్తకాయిల్ రాశారు:

21 వోల్టులు కనిపించింది. ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ వల్ల అలా కనిపిస్తోందేమో అనుకున్నాను.

స్కోప్‌ప్రోబ్ రాశారు:

పొడుగు గ్రౌండ్ క్లిప్‌తో కొలిస్తే అలా అనుకోవడంలో తప్పులేదు. క్లిప్ తీసేసి ప్రోబ్ మొన దగ్గర చిన్న స్ప్రింగ్ తగిలించి కొలవాలి. కానీ మీ 21 నిజమే. అప్పుడు ఒక్కో కాయిల్ శిఖరం 9 ఆంప్స్. 20 నానోసెకన్లలో తెగితే 20 నానోహెన్రీల మీద 9 వోల్టులు. 12కి కలిపితే 21. 6 ఆంప్స్ లోడ్‌కి శిఖరం 16. అంటే 28 వోల్టులు. 25 వోల్టుల ఫెట్. టప్.

ఇప్పుడున్న బోర్డులోనే పై ఫెట్ డ్రెయిన్ నుంచి కింది ఫెట్ సోర్స్‌కి నేరుగా, సోల్డర్ మాస్క్ గీకి, నాలుగు సెరామిక్‌లు అతికించండి. ఫెట్లు 40 వోల్టులవి వేయండి. గేట్‌కి ఒకటి రెండు ఓమ్‌లు పెట్టి కాస్త నెమ్మదించండి.

లెక్కలపిచ్చి రాశారు:

ఫొటోలో ఇంకొకటి. ఇన్‌పుట్ రాగి దారి సన్నగా ఉంది. 35 మైక్రాన్ల రాగి ఎంత వెడల్పో అంత పొడవున్న ప్రతి చదరానికీ అర మిల్లీఓమ్. మీ దారి పొడవు వెడల్పుకి ఐదింతలుంది. 2.5 మిల్లీఓమ్‌లు, 30 ఆంప్స్‌కి 2 వాట్ల పైనే. పైన రాగి పట్టీ సోల్డర్ చేసేయండి.

కొత్తకాయిల్ రాశారు:

చేశాను. సెరామిక్‌లు అతికించాక 6 ఆంప్స్‌కి స్పైక్ 17 వోల్టులు. రాగి పట్టీ వేశాను. సెల్ నుంచి 10 స్క్వేర్ ఎంఎం వైరు, క్రింప్ లగ్గులు, బోల్టు ఫ్యూజ్. టాగుల్ స్విచ్ పీకేశాను. దాని బదులు కంట్రోలర్ రన్ పిన్‌తో ఆన్-ఆఫ్. దారి రెసిస్టెన్స్ 30 నుంచి 5 మిల్లీఓమ్‌లకి వచ్చింది.

కానీ కొత్త జబ్బు. 4 ఆంప్స్ దాటాక ఔట్‌పుట్ ఊగుతోంది. అర వోల్టు అటూ ఇటూ, కాయిల్ సన్నగా కూస్తోంది. తక్కువ లోడ్‌లో ఏ గొడవా లేదు. కాంపెన్సేషన్ (చిప్ ఎంత వేగంగా స్పందించాలో నిర్ణయించే రెసిస్టర్, కెపాసిటర్) విలువలు 12 నుంచి 24 వోల్టులు చేసే ఒక ఉదాహరణ సర్క్యూట్‌లోంచి తీసుకున్నాను.

లెక్కలపిచ్చి రాశారు:

దొరికింది. బూస్ట్‌లో లోడ్ పెరిగిన క్షణంలో చిప్ డ్యూటీ పెంచితే, ఔట్‌పుట్‌కి అందే సమయం తగ్గి, వోల్టేజ్ ముందు ఇంకాస్త పడి, కాయిల్ కరెంటు పెరిగాక గానీ లేవదు. ఈ తిరకాసు జవాబునే రైట్ హాఫ్ ప్లేన్ జీరో అంటారు. దాని ఫ్రీక్వెన్సీ: లోడ్ రెసిస్టెన్స్, ఇంటూ ఆఫ్ భాగం వర్గం, బై (2π ఇంటూ ఇండక్టెన్స్). మీకు 2 ఓమ్‌లు, 0.2 వర్గం, రెండు కాయిల్స్ పారలల్‌లో 1.65 మైక్రోహెన్రీలు. 7.7 కిలోహెర్ట్జ్ వస్తుంది. 12 నుంచి 24 చేసే సర్క్యూట్‌లో ఆఫ్ భాగం 0.5, వర్గం 0.25. మీ 0.04తో పోలిస్తే ఆరింతలు. వాళ్లకి సరిపడ్డ లూప్ వేగం మీకెలా సరిపోతుంది?

లూప్‌ని 1.5 కిలోహెర్ట్జ్ దగ్గరికి దించండి. కాంపెన్సేషన్ కెపాసిటర్ పెద్దది చేయండి, రెసిస్టర్ తగ్గించండి. సెల్ దాదాపు ఖాళీ అయినప్పుడు, పూర్తి లోడ్‌తో పరీక్షించండి. గండం అప్పుడే. లోడ్ ఒక్కసారిగా మారినప్పుడు ఔట్‌పుట్ ఇప్పుడు కొంచెం ఎక్కువ కుంగుతుంది, అది సహించలేకపోతే పాలిమర్‌లు పెంచుకోవడమే.

కొత్తకాయిల్ రాశారు:

ఊగడం ఆగింది! కూత కూడా.

12 వోల్టులు, 6 ఆంప్స్, గంట నడిపాను. బోర్డు ఇన్‌పుట్ దగ్గర 3.07 వోల్టులు, 26.4 ఆంప్స్. అంటే 81 వాట్లు లోపలికి, 72 బయటికి, 89 శాతం. ఫెట్ల మీద వేలు పెట్టి ఉంచగలుగుతున్నాను. బోర్డు మీద అన్నిటికంటే వేడిగా ఉన్నవి కాయిల్స్. కానీ వాటిని మించి సెల్ నెగటివ్ వైపు లగ్గు కాలిపోతోంది. పాజిటివ్ లగ్గు చల్లగానే ఉంది.

మిల్లీఓమ్‌మామ రాశారు:

ప్లయర్‌తో నొక్కారా?

కొత్తకాయిల్ రాశారు:

...అవును. క్రింపింగ్ టూల్ పాజిటివ్ లగ్గు అయ్యాక స్నేహితుడు తీసుకెళ్లాడు.

మిల్లీఓమ్‌మామ రాశారు:

కోసేసి కొత్త లగ్గు టూల్‌తోనే వేయండి. సెల్ టెర్మినల్ అల్యూమినియం అయితే బోల్టు బిగించే ముందు దాని పైపొర సన్న గరుకు కాగితంతో రుద్ది వెంటనే బిగించండి. స్పానర్‌కి టేపు చుట్టండి. ఆ సైజు సెల్‌ని స్పానర్‌తో షార్ట్ చేస్తే స్పానర్ ఎర్రబడుతుంది, చేతికి ఉంగరం ఉంటే ఇంకా ఘోరం.

నాలుగుసెల్లులు రాశారు:

ఔట్‌పుట్ షార్ట్ అయితే కంట్రోలర్ కాపాడుతుందా?

స్కోప్‌ప్రోబ్ రాశారు:

మంచి ప్రశ్న. కాపాడదు. బూస్ట్‌లో సెల్ నుంచి ఔట్‌పుట్‌కి కాయిల్, పై ఫెట్‌లోని బాడీ డయోడ్ మీదుగా నేరుగా దారి ఉంటుంది. కంట్రోలర్ ఫెట్లన్నీ ఆపేసినా ఆ దారి తెరిచే ఉంటుంది. రన్ పిన్ ఆఫ్ చేసినా ఔట్‌పుట్‌లో రెండున్నర వోల్టుల పైన కనిపించేది అందుకే. సెల్ పక్కనే ఉన్న ఫ్యూజే దిక్కు. అది 40 ఆంప్స్ ఉండనివ్వండి, బోర్డు దగ్గర కాదు, సెల్ దగ్గర. ఎంటీ3608 వైరు కూడా సెల్ నుంచే వస్తోందిగా, దానికి వేరే చిన్న ఫ్యూజ్ పెట్టండి.

లెక్కలపిచ్చి రాశారు:

ఆ మాడ్యూల్‌కి ఆఫ్ స్విచ్ కూడా. మెయిన్ కన్వర్టర్ 2.6 దగ్గర ఆగిపోయినా అది సెల్‌ని మెల్లగా నాకుతూనే ఉంటుంది. ఈ రకం సెల్ 2.5 కిందికి పోకూడదు.

కొత్తకాయిల్ రాశారు:

స్విచ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా. పీకేసిన ఆ 7 మిల్లీఓమ్‌ల టాగుల్ స్విచ్ దీనికి వాడొచ్చా?

మిల్లీఓమ్‌మామ రాశారు:

కొన్ని పదుల మిల్లీఆంప్సే కదా, హాయిగా వాడుకోండి.